షెడ్డు నుంచి షెడ్డుకు

సాగరతీర విహార సంస్థలో ఎవరు రిటైరైనా ఒక ఆచారం ఉంది. మెడలో దండ, భుజాన శాలువా, చంకలో గోడగడియారం. అలా ముస్తాబు చేసి ఆ మనిషిని ఆఫీసు జీపులో ఇంటి గుమ్మం దాకా దింపి రావాలి. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ దింపే పని డ్రైవరు సన్నాసినాయుడిది. ఇప్పటికి నలభై ఒక్క మందిని దింపాడు.

ఆఫీసులో పులిలా బతికినవాళ్లు కూడా ఆ రోజు జీపులో పిల్లుల్లా కూర్చునేవారు. ఇల్లు రాగానే దిగి, గడియారం సర్దుకుని, అలవాటు చొప్పున "రేపు ఎనిమిదికల్లా వచ్చేయ్ నాయుడూ" అనేవారు. అన్నాక గుర్తొచ్చి నోరు మూసుకునేవారు. దాదాపు అందరూ ఆ మాట అన్నవాళ్లే. అననిది ఇద్దరే. ఒకాయనకు గొంతు పూడుకుపోయింది, ఇంకొకాయన దారిలో నిద్రపోయాడు. నాయుడు అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు. "అలగే బావూ." కాదనడానికి అతనికి నోరొచ్చేది కాదు.

ఇంటికి రాగానే భార్య పైడమ్మ కంచం పెట్టి ఎదురుగా కూర్చునేది.

"ఈయాల దిగినాయన ఏడిసినాడేటి?"

"ఏడవలేదే. గేటు తెరవడం మరిసిపోయి అలగే నిలబడిపోనాడు."

ఆ మాటకు పైడమ్మ ఏడ్చేది. వీడ్కోళ్లంటే ఆమెకు పడదు. బస్టాండులో ఎవరి బస్సు కదిలినా, ఎక్కినవాళ్లెవరో తెలియకపోయినా, కొంగుతో కళ్లు ఒత్తుకునే మనిషి. ఈ ఏడు ఉగాది వెళ్లిన దగ్గర్నుంచీ ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది. ఆగస్టు నెలాఖరుకు నాయుడు కూడా రిటైరు. సంస్థ మొత్తానికి డ్రైవరు అతనొక్కడే.

"అందర్నీ నువ్వు దింపీసినావు మావా. నిన్నెవులు దింపుతారు?"

ఈ ప్రశ్న నాయుడికి అంతవరకూ తట్టలేదు. తట్టకపోవడం వల్లే నిబ్బరంగా ఉన్నాడు. "ఎర్రకారులో వొస్తాన్లేవే. సందు మొదట్లో నిన్ను కూడా ఎక్కించుకుంటాను" అని మాటవరసకు అనేశాడు. మర్నాటికి ఆ మాట వీధి వీధంతా తిరిగొచ్చింది. పాలవాడు సైతం ఆగి, "ఎర్రకారంట కదా నాయుడూ" అని పలకరించాడు. ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు.

తొమ్మిదేళ్ల కిందట, పర్యాటకం అంటే అందరికీ పూనకం వచ్చిన రోజుల్లో, బీచిరోడ్డు మీద పర్యాటకుల ముఖాన సముద్రపు గాలి కొట్టించాలని సంస్థ ఒక టాపులేని ఎర్రకారు తెప్పించింది. రెండే సీట్లు. నేలను రాసుకుంటూ పోయే ఎత్తు. ముందు చక్రాలకన్నా వెనక చక్రాలు వెడల్పు. కారు వచ్చాక నిబంధనలు తిరగేస్తే, ప్రతి పర్యాటకుడి వెంటా ఒక గైడు విధిగా ఉండాలని తేలింది. డ్రైవరొకడు, గైడొకడు కూర్చునేసరికి పర్యాటకుడికి సీటు మిగల్లేదు. కొన్నాళ్లు నాయుడు గైడును ఒక్కణ్ణే తిప్పాడు. గైడు తనకు తెలిసిన చరిత్రంతా నాయుడికి చెప్పేసి, చెప్పడానికింకేమీ లేక మానుకున్నాడు. అప్పట్నుంచీ కారు షెడ్డులోనే ఉంది. సోమవారం సోమవారం నాయుడు దాన్ని తుడిచి, ఒకసారి స్టార్ట్ చేసి, ఆపేసేవాడు.

జనరల్ మేనేజరు ధర్మలింగేశ్వరం గారు నాయుడి కోరిక విని మెత్తబడ్డారు. "సంస్థ సేవకునికి సంస్థ వాహనంలోనే సముచిత వీడ్కోలు. ఎంతో హృద్యంగా ఉంది. టైర్లు భద్రమేనా?"

"లేవు బావూ. ఉప్పుగాలికి పగిలిపోనాయి. గోరెడితే దిగిపోతన్నాది. నాలుగూ మార్చాల."

"అదే ముక్క రాసివ్వు. టైర్లు మార్చిన రోజున కారు నీ ఇంటి దాకా వస్తుంది. ఇది నా మాట."

నాయుడు రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని స్టోర్స్ సూపరింటెండెంటు మృత్యుంజయం గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన ఒక లావుపాటి రిజిస్టరు దించారు. అందులో ఒక్కో టైరుకు ఒక్కో పేజీ. చేరిన తేదీ, నంబరు, గుర్తింపు చిహ్నాలు, నేటివరకు పరుగు.

"టైరు సర్వీసు నలభై వేల కిలోమీటర్లు. ఇవి పరిగెత్తినది వెయ్యిన్నీ రెండువందల ఆరు. ఇంకా పసికూనలు నాయుడూ. అప్పుడే సాగనంపుతావా?"

"పగుళ్లు సూడండి బావూ."

మృత్యుంజయం గారు చెప్పు విడిచి కాలు చూపించారు. "నా మడమలు చూడు. నేను రిటైరయ్యానా?"

"రోడ్డు మీద పేలిపోతేనో?"

"విధి నిర్వహణలో మరణిస్తే అది వేరే సెక్షను. కారుణ్య నియామకం కింద అదే కంపెనీ టైరుకు వెంటనే ఉద్యోగం ఇస్తాం. నిబంధనల్లో దయ లేదని ఎవరన్నారు?"

"అప్పుడు డ్రైవరు కూడా పోతే బావూ?"

"డ్రైవరుకు రిజిస్టరు వేరే ఉంది" అని ఆయన చెప్పు తొడుక్కున్నారు.

విషయం మళ్లీ జనరల్ మేనేజరు గారి బల్ల మీదికి చేరింది. రోడ్డెక్కితే ప్రమాదం. ఎక్కకపోతే పరుగు లేదు. పరుగు లేకపోతే విరమణ లేదు. విరమణ లేకపోతే కొత్త టైర్లు లేవు. ధర్మలింగేశ్వరం గారు చాలాసేపు పైకప్పు వంక చూశారు. పైన ఫ్యాను తిరుగుతోంది.

"నాయుడూ, ఆ ఫ్యాను ఎక్కడికైనా వెళుతోందా?"

"లేదు బావూ."

"అయినా తిరగడం లేదూ?"

సాయంత్రానికి ఉత్తర్వు టైపయింది. కారును షెడ్డులోనే నాలుగు ఇనప స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు నేలకు తాకకుండా, ముప్ఫై ఎనిమిది వేల ఏడువందల తొంభై నాలుగు కిలోమీటర్ల బకాయి పరుగును పూర్తి చేయవలెను. కార్యక్రమానికి 'సుస్థిర ప్రయాణ పథకం' అని పేరు కూడా పెట్టారు. నాయుడు వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు. జూన్ ఒకటిన మొదలెట్టి, సెలవులు పోగా రోజుకు అయిదు వందల చొప్పున లాగితే ఆగస్టు నెలాఖరుకు అయిపోతుంది. అంటే టైర్లూ తనూ ఒకేసారి దిగుతారు. అతనికి ప్రాణం లేచొచ్చింది.

మొదటి రోజు స్టూలు వేసుకుని కారెక్కి, గేరు వేసి, కాలు తొక్కిపట్టి కూర్చున్నాడు. ఇంజను వేడెక్కకుండా ఎదురుగా ఒక పెద్ద నిలువు ఫ్యాను పెట్టారు. సాయంత్రం లాగ్ పుస్తకంలో రాశాడు. ఎక్కడినుంచి: షెడ్డు. ఎక్కడికి: షెడ్డు. ప్రయాణ కారణం: ప్రయాణం.

వాచ్‌మన్ గవిరయ్య టీ తెచ్చినప్పుడల్లా తల లోపలికి పెట్టేవాడు. "ఎందాకా ఒచ్చినావు నాయుడూ?"

"ఒంగోలు పొలిమేర."

"టీ తాగీసి ఎల్లు. ముందర ఓటళ్లు ఉంటాయో ఉండవో."

పైడమ్మకు ఈ ఏర్పాటు బాగా నచ్చింది. దూరాభారం వెళుతున్నాడని కారియరులో ఇంకో గిన్నె పెంచింది. రోజూ సాయంత్రం వాకబు చేసేది. మూడో రోజు మెడ్రాసు దాటాడు. మరో వారం పది రోజులకు, బొంబాయి మీదుగా, కాశీ.

"దణ్ణం ఎట్టుకున్నావా?"

"ఎట్టుకుందావనే అనుకున్నాను. ఈలోగా గవిరయ్య టీ అట్టుకొచ్చీసినాడు."

"కాశీలో టీ ఏటి మావా! గంగలో మునిగీవోడివి గాదా" అని నొచ్చుకుంది. తరవాత తనే నవ్వింది. ఆమెకు అంతా తెలుసు. తెలిసినా అడగడం మానలేదు. రిటైరయ్యాక భర్త ఎక్కడికీ వెళ్లడు. అప్పుడు అడగడానికి ఏముంటుంది?

జులైలో మృత్యుంజయం గారు తనిఖీకి వచ్చారు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముందు చక్రాల దగ్గర ఆగిపోయారు. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. ముందువి కదలడం లేదు. వాటిలో ఒకదాని మీద సాలీడు గూడు కూడా కట్టుకుంది. ఆయన ముఖం ఎర్రబడింది.

మర్నాడు ముందు టైర్లు రెండింటికీ మెమో అతికించారు. "సహోద్యోగులైన వెనక టైర్లు నిర్విరామముగా శ్రమించుచుండగా, ముందు టైర్లు నిశ్చలముగా నుండి చోద్యము చూచుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." టైర్లు మెమో అందుకున్నట్టు గవిరయ్య సాక్షి సంతకం చేశాడు. సంజాయిషీ రాసే పని నాయుడి మీద పడింది. రెండు రోజులు ఆలోచించి రాశాడు.

"అయ్యా, ఇంజనుతో మాకు చుట్టరికం లేదు. వెనకవాళ్లు నెడితే దొర్లడం, పైవాళ్లు తిప్పినట్టు తిరగడం, ఇదే మాకు తెలిసిన పని. నేల తగలకుండా మేము పనిచేసిన దాఖలా పుట్టి బుద్ధెరిగిన తరవాత లేదు. నేల ఇప్పిస్తే పరిగెత్తగలవారం. చిత్తగించవలెను."

మృత్యుంజయం గారు చదివి పెదవి విరిచారు. "పైవాళ్లు తిప్పితేనే తిరుగుతారా? చొరవ లోపించింది. రెండు ఇంక్రిమెంట్లు కోత."

టైరుకు ఇంక్రిమెంటు అంటే ఏమిటో ఎవరికీ తెలియలేదు. చివరికి గాలి అని తేల్చారు. సాక్షుల సమక్షంలో నాయుడు ఒక్కో ముందు టైరులోంచి రెండేసి పాయింట్ల గాలి తీశాడు. ఆ చప్పుడు విని మృత్యుంజయం గారు, "పశ్చాత్తాపం వినిపిస్తోంది" అన్నారు.

వెనక టైర్లు అప్పటికి సగం భూగోళం చుట్టాయి, ముందువి ఎక్కడివక్కడే ఉన్నాయి. నాలుగూ ఒకేసారి రిటైరవడం ఎలా? దీన్ని ధర్మలింగేశ్వరం గారు ఒక్క వాక్యంలో పరిష్కరించారు. "ఇంటి పెద్దలు తీర్థయాత్రకు వెళితే పుణ్యం పిల్లలకూ వస్తుంది. వెనకవాటి పరుగును ముందువాటి పద్దులో కూడా జమకట్టండి." దాంతో నాయుడి గుండె మళ్లీ కుదుటపడింది.

ఇక కొత్త టైర్లు ఎంచుకోవడమే మిగిలింది. ఒక ఆదివారం నాయుడు టైర్ల షాపు గౌస్ భాయ్ దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే లారీ మీద పనిచేసినవాళ్లు.

"ఇది చూడు భాయ్. మెత్తరకం. రోడ్డును పిల్లి గోళ్లతో పట్టినట్టు పడతాది. కానీ ఏడాదికే అరిగిపోతాది" అన్నాడు గౌస్. "ఇది గట్టిరకం. పదేళ్లు ఉంటాది. వానలో మాత్రం నీ మాట వినదు. మీ బీచిరోడ్డుకి, ఇసకకి, తుంపరకి, ఈ మూడోదే కరెక్టు. గాడి లోతు చూడు. వెనకాలకి వెడల్పు సైజు కూడా ఉంది."

నాయుడు పక్కన అచ్చయిన తయారీ తేదీ చూశాడు. మూడు నెలల కిందటిది. బొటనవేలితో నొక్కాడు. నొక్కిన చోటు నెమ్మదిగా పైకి లేచింది. తొమ్మిదేళ్లుగా తను తుడుస్తున్న టైరు అలా లేచి ఎన్నాళ్లయిందో. "ఇదే" అన్నాడు. పైడమ్మ అడిగితే రంగు చెప్పాడు. "నలుపే" అన్నాడు. "మంచి నలుపు."

కానీ సంస్థలో ఎంపిక అంటే నొక్కి చూడటం కాదు. ఆగస్టు మూడో వారంలో ఇంటర్వ్యూ పెట్టారు. కమిటీలో ముగ్గురు. జనరల్ మేనేజరు, సూపరింటెండెంటు, నియామకాల సలహాదారు పరంజ్యోతి గారు. ఈ పరంజ్యోతి గారిని నాలుగేళ్ల కిందట నాయుడే దండతో, గడియారంతో ఇంటి దగ్గర దింపాడు. "రేపు ఎనిమిదికల్లా వచ్చేయ్" అని ఆయనా అన్నారు. తేడా ఏమిటంటే, ఆయన మర్నాడు ఎనిమిదికి నిజంగానే ఆఫీసుకొచ్చేశారు, సలహాదారుగా, కాంట్రాక్టు మీద.

కుర్చీలో గౌస్ భాయ్ మూడో రకం టైరును నిలబెట్టాడు. తను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తీరప్రాంత రహదారుల మీద అభ్యర్థికి ఎన్నేళ్ల అనుభవం?" అని పరంజ్యోతి గారు అడిగారు.

"కొత్త టైరు సార్ ఇది."

"అది మేము గమనించాం. అనుభవం?"

"సార్, అనుభవం ఉంటే అది పాత టైరయిపోతాది."

"ప్రకటనలో కనీసం అయిదేళ్లని స్పష్టంగా ఇచ్చాం. మీ అభ్యర్థులందరూ అనుభవ శూన్యులే. సంస్థ వాహనాన్ని అనుభవం లేనివారి చేతుల్లో పెట్టమంటారా?"

గౌస్ భాయ్ నాయుడి వంక చూశాడు. నాయుడు టైరు వంక చూశాడు. కుర్చీలో టైరు ఒక్కటే నిమ్మళంగా ఉంది.

"బావూ," అని నాయుడు గొంతు సవరించుకున్నాడు, "కొత్త పెళ్లికొడుకుని మునుపు ఎన్ని కాపరాలు సేసినావని అడుగుతావేటి? ఒకపాలి నొక్కి సూడండి. రబ్బరు బతికున్నాది."

ఎవరూ నొక్కలేదు. కమిటీ తలుపులు మూసుకుని చర్చించింది. గంట తరవాత ఫలితం బోర్డు మీద పెట్టారు. తీరప్రాంతంలో తొమ్మిదేళ్లు, నలభై వేల కిలోమీటర్ల అనుభవం, ఇదే కారుతో సన్నిహిత పరిచయం. ఈ అర్హతలన్నీ గల అభ్యర్థులు నలుగురే దొరికారు. ఆగస్టు ముప్ఫై ఒకటిన రిటైరవుతున్న పాత టైర్లు. సెప్టెంబరు ఒకటి నుంచి వాటినే కాంట్రాక్టు మీద తిరిగి తీసుకుంటున్నారు.

నాయుడు బోర్డును రెండుసార్లు చదివాడు. తరవాత లోపలికి వెళ్లాడు.

"బావూ, ఆటినే కాంట్రాక్టు మీద ఎట్టుకున్నారు. నన్నూ ఎట్టుకోకూడదా?"

పరంజ్యోతి గారు జాలిగా చూశారు. "జీపును ఈ నెలాఖరుతో పక్కన పెట్టేస్తున్నాం. ఇక కారు కదలదు కదా నాయుడూ. కదలని కారుకు డ్రైవరెందుకు? నీ పోస్టే రద్దు చేస్తున్నాం."

"పోనీండి. ఆ రోజు నన్ను ఇంటికాడ దింపుతావన్నారు. నా ఆడది వీధంతా సెప్పీసుకుంది."

ధర్మలింగేశ్వరం గారు కలం కింద పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. అదే కష్టం. "ఆ టైర్లతో రోడ్డెక్కడం ప్రమాదమని నువ్వే రాసిచ్చావు. అది ఫైలులో ఉంది. అలాగని నేను మాట తప్పను. మీ ఇల్లు ఎంత దూరం?"

"ఏడు కిలోమీటర్లు బావూ."

"అయితే ఆ ఏడూ చివరికి ఉంచు."

ఆగస్టు ముప్ఫై ఒకటి సాయంత్రానికి మీటరు ముప్ఫై తొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై మూడు దగ్గర ఆగి ఉంది. పైడమ్మ చిలకపచ్చ పట్టుచీర కట్టి, కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. సందు మొదట్లో ఎదురుచూడాల్సిన మనిషిని ఆఫీసుకే రమ్మని నాయుడు కబురు పెట్టాడు. ఎందుకో చెప్పలేదు. షెడ్డులోకి వచ్చి, స్టాండ్ల మీద గాల్లో నిలిచిన కారును చూసి, ఆమెకు అర్థమైంది.  చెంగు నడుములో దోపి, "స్టూలేసుకుని ఎక్కాలేటి?" అంది.

ఉపన్యాసాలయ్యాయి. మొదట నాలుగు టైర్లకూ దండలు వేశారు, రేపట్నుంచీ అవి మళ్లీ డ్యూటీలో ఉంటాయని. తరవాత నాయుడికి. గడియారం ఇచ్చారు. అప్పుడు మృత్యుంజయం గారు ఒక చిక్కు తీశారు. అయిదు గంటలు దాటింది. నాయుడిప్పుడు అనధికార వ్యక్తి, సంస్థ వాహనం నడపరాదు. పైగా దిగబోయేవాడు తనను తాను దింపుకోవడం ఆచారానికే విరుద్ధం. ఇంకో డ్రైవరు లేడు. ఉన్నా, కూర్చుంటే పైడమ్మకు సీటుండదు.

గవిరయ్య వెళ్లి ఒక ఇటుక తెచ్చాడు. ధర్మలింగేశ్వరం గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇన్‌ఛార్జి డ్రైవరుగా నోటిమాటతో నియమించారు. అనుభవం సంగతి పరంజ్యోతి గారు అడగబోయి, టైము చూసుకుని ఊరుకున్నారు. ఇటుకను పెడలు మీద పెట్టారు. ఇంజను అందుకుంది. ఫ్యాను వేశారు.

నాయుడు తన సీట్లోనే కూర్చున్నాడు, చేతులు మాత్రం ఒళ్లో పెట్టుకుని. ఇరవై తొమ్మిదేళ్లలో స్టీరింగు ముందు అతని చేతులకు పని లేకపోవడం అదే మొదటిసారి. ఆ చేతుల్ని ఏం చేయాలో అతనికి తెలియలేదు. పైడమ్మ ఒకదాన్ని పట్టుకుంది.

బయట సిబ్బంది రెండు వరసల్లో నిలబడి చేతులూపడం మొదలెట్టారు. బండి మలుపు తిరిగేదాకా ఊపాలన్నది ఆచారం. ఈ బండికి మలుపు లేదు. ఒక నిమిషమైంది. రెండయ్యాయి. చేతులు మారుస్తూ ఊపుతున్నారు. అకౌంటెంటు గారు మోచేతిని రెండో చేత్తో పట్టుకుని ఊపారు. ముందు ఎవరు ఆపినా బాగుండదు. కదలని మనిషికి వీడ్కోలు చెప్పడం ఇంత కష్టమని వాళ్లకు ఇన్నాళ్లూ తెలియదు.

"గాలి బాగున్నాది మావా" అంది పైడమ్మ. కనకాంబరాలు చెంపకు కొట్టుకుంటున్నాయి.

"బాగున్నాదే."

"రైల్వే గేటు దాటీసినావా?"

"దాటీసినాం."

"సందు మలుపులో జాగర్త. గేదెలుంటాయి."

"ఇటుక సూసుకుంటాదిలే."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఎదురుగా వరసకట్టి చేతులూపుతున్నవాళ్లందరినీ చూసింది. తనూ చెయ్యి ఎత్తి ఊపింది. కొంగు కళ్లకు వెళ్లింది గాని, ఫ్యాను గాలికి కళ్లు అప్పటికే ఆరిపోయాయి.

ఏడో నిమిషంలో మీటరు నలభై వేలు చూపించింది. గవిరయ్య ఇటుక తీశాడు. మృత్యుంజయం గారు ముందుకొచ్చి లాగ్ పుస్తకం చాచారు. "ఇల్లొచ్చింది. క్షేమంగా దిగినట్టు సంతకం పెట్టు నాయుడూ."

నాయుడు సంతకం పెట్టాడు. స్టూలు మీదుగా పైడమ్మను దింపి, తనూ దిగాడు. లెక్కప్రకారం వాళ్లిద్దరూ ఏడు కిలోమీటర్ల అవతల ఉన్నారు కాబట్టి, సిబ్బంది మొక్కుబడి తీరినట్టు చేతులు దించుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఇంటి దగ్గర దింపేసిన మనిషిని గేటు దాకా సాగనంపడం పద్ధతి కాదు.

గేటు దగ్గర నాయుడు ఆగాడు. చంకలో గడియారం సర్దుకున్నాడు. "రేపు ఎనిమిదికల్లా షెడ్డు తాళం తీసీ గవిరయ్యా. సోమారం తుడవలేదు" అన్నాడు. అన్నాక గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

గవిరయ్యకు కాదనడానికి నోరు రాలేదు.

"అలగే నాయుడూ" అన్నాడు.

సిటీ బస్సు వచ్చింది. దండతో ఎక్కిన మనిషిని, పట్టుచీరతో ఎక్కిన మనిషిని చూసి కండక్టరు వాళ్లకు సీటు ఖాళీ చేయించాడు.

"ఎక్కడికమ్మా, ఏదైనా పెళ్లికా?"

"ఇంటికే బావూ" అంది పైడమ్మ, గడియారాన్ని ఒళ్లో పెట్టుకుంటూ. "ఇందాక కారులో ఒకపాలి ఎల్లీసినాం. ఇప్పుడు బస్సులో ఎల్తన్నాం."